పై ఫ్లాటు బాత్రూమ్ నుంచి చెమ్మ దిగుతోంది: మరమ్మతు ఖర్చు ఎవరిది?

ప్రశ్న (కూకట్‌పల్లి, రెండో అంతస్తు)

నమస్కారం. మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, కట్టి పద్నాలుగేళ్ళయింది. మొన్నటి వర్షాకాలంలో మా బాత్రూమ్ పైకప్పు మూలన అరచేతంత చెమ్మ మచ్చ కనిపించింది. ఇప్పుడది పడకగది గోడ దాకా పాకి, సున్నం ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది. గీజరు స్విచ్చు పక్కన గోడ తాకితే చేతికి తడి తగులుతోంది. పై ఫ్లాటులో అద్దెకున్నవారు మర్యాదస్థులే గాని, "ఇల్లు మాది కాదు కదండీ, ఓనరు గారితో మాట్లాడండి" అంటున్నారు. డాలస్‌లో ఉంటున్న ఆ ఓనరు గారేమో తమ టైల్స్ బాగానే ఉన్నాయని, భవనం పాతబడినందువల్ల వచ్చిన చెమ్మ కాబట్టి సంఘమే బాగుచేయించాలని వాట్సాప్‌లో రాస్తున్నారు. కార్యదర్శి గారు ఇది రెండు ఇళ్ళ మధ్య వ్యవహారమని తప్పుకున్నారు. మెయింటెనెన్స్ కట్టడం ఆపితే సంఘమే దిగివస్తుందని మా బావగారి సలహా. అది సబబేనా?

జవాబు 1 (సివిల్ ఇంజినీరు)

అన్నిటికన్నా ముందు ఆ గీజరు ఎంసీబీ (కరెంటు బోర్డులో దానికి కరెంటు ఆపే స్విచ్చు) ఆపేసి, ఎలక్ట్రీషియన్ చూసి సరేననే వరకు దాన్ని ముట్టుకోకండి. తడి గోడలో కరెంటు ఉండగా ఖర్చుల లెక్క తర్వాతి మాట.

ఇక నీరు ఎక్కడిదో తేలకుండా ఎవరు కట్టాలన్న వాదన తెగదు. మన బాత్రూమ్‌లలో చాలావాటికి స్లాబును కిందికి దించి పోసి, ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. లోపల జాయింటు వదులైతే నీరు ఆ గుంతలోనే నిలిచి, దారి దొరికిన చోట కిందికి దిగుతుంది కాబట్టి, పైన టైల్స్ అద్దంలా ఉన్నంత మాత్రాన లీకు లేదని అనుకోవడానికి లేదు. పై ఫ్లాటు వారు ఊరెళ్ళిన రోజు చూసి, ఆ బాత్రూమ్‌కు నీళ్ళొచ్చే గేట్ వాల్వ్ తెరిచే ఉంచి గమనించండి. ఎవరూ వాడకపోయినా చుక్క పడుతూ ఉండి, వాల్వ్ కట్టేశాక క్రమంగా తగ్గితే లోపం మంచినీటి పైపుది. స్నానాలయ్యాకే కారుతుంటే నేల మీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్‌నో నేలనో అనుమానించాలి. అప్పుడు ట్రాప్‌ను గుడ్డతో బిగించి, రంగు కలిపిన నీళ్ళు రెండంగుళాల ఎత్తున నిలబెట్టి, ఒకటి రెండు రోజులు కింద కాపు కాయండి. గుంత నిండా పాత నీరుంటే రంగు ఆలస్యంగా దిగుతుంది, తొందరపడకండి. పైపుల కోసం వదిలిన డక్ట్‌లో నిలువుగా దిగే పైపును కూడా మరవవద్దు.

జవాబు 2 (ఐదేళ్ళు సంఘ కార్యదర్శిగా చేసిన అనుభవంతో)

మెయింటెనెన్స్ మాత్రం ఆపకండి. ఆపిన మరుక్షణం మీరు ఫిర్యాదుదారు కాకుండా బాకీదారు అవుతారు, సర్వసభ్య సమావేశంలో చెమ్మ మాట పోయి మీ బాకీ మాటే మిగులుతుంది. అన్ని ఫ్లాట్లకూ కలిసిన నిలువు పైపుదో, టెర్రస్‌దో లోపమైతే అది ఉమ్మడి ఆస్తి కనుక ఖర్చు సంఘానిది. ఒక్క ఫ్లాటు వాడుకునే ట్రాప్‌, పైపు, నేల అయితే ఆ యజమానిది. అద్దెకున్నవారిని ఇందులోకి లాగడం న్యాయం కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నిర్మాణ లోపాలకు బిల్డరు బాధ్యత స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ళే కనుక, మీ భవనానికి ఆ దారి లేదు. పరీక్ష రోజున కార్యదర్శిని పక్కన నిలబెట్టుకుని, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, ప్లంబరు చేత కాగితం మీద రాయించుకోండి. అప్పటికీ యజమాని కదలకపోతే, కోర్టుకెక్కే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకుంటే ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు.

జవాబు 3 (న్యూజెర్సీ నుంచి)

నేను మీ పై ఫ్లాటు యజమాని లాంటివాణ్ణే. మియాపూర్‌లో మా ఫ్లాటు మీద ఇలాంటి ఫిర్యాదే వచ్చినప్పుడు మొదట నేనూ నమ్మలేదు. ఇంత దూరంలో ఉన్నవారికి "మీ ఇల్లు కారుతోంది" అన్న సందేశం డబ్బు గుంజే ఎత్తుగా కనిపిస్తుంది, తప్పే గాని కనిపిస్తుంది. కింది ఇంటి పెద్దాయన వీడియో కాల్‌లో చుక్క పడటం చూపించి, ఇద్దరు ప్లంబర్ల అంచనాలు పంపాక, నేను ఆ రాత్రే డబ్బు పంపాను. మీరూ కోపం పక్కన పెట్టి అదే చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారి నుంచి, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. వాల్వ్ తెరిచి ఉన్నా, ఇంట్లో ఎవరూ లేని రోజున చుక్క ఆగింది. నీలిరంగు నీళ్ళు నిలబెట్టిన రెండో రోజు ఉదయం మా పైకప్పు మూలన నీలి గీత దిగింది. కార్యదర్శి గారు స్టూలెక్కి మరీ వేలితో తడిమి చూశారు. ఓనరు గారు వీడియో చూసి, ట్రాప్ మార్చి నేల తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి ఒప్పుకున్నారు. మా పైకప్పు పెచ్చులు, రంగుల ఖర్చు దగ్గర మాత్రం బేరం సగం సగం దగ్గరే ఆగింది. ఆ సగం కోసం ఇంకా పట్టుబట్టాలా, వదిలేయాలా?

జవాబు 2 రాసినవారి నుంచి

న్యాయంగా ఆ ఖర్చూ వారిదే. కాని నేనైతే సగానికి ఒప్పుకుంటాను. పని పూర్తయ్యాక గోడ బాగా ఆరేవరకు, అంటే కనీసం నెల రోజులు, రంగు వేయించకండి; తడి మీద వేస్తే మళ్ళీ ఉబ్బుతుంది, అప్పుడు సగం ఇచ్చేవారు కూడా ఉండరు.