కరిచిన కుక్క కేసు మొదటిసారి తీసుకుంటున్నాను, ఏం చూసుకోవాలి?

కొత్త లీష్:
రెండేళ్ళుగా కుక్కలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. ఇన్నాళ్ళూ కుక్కపిల్లలే. కూర్చోవడం, ఆగడం, లీష్ లాగకుండా నడవడం, అంతే. ఇప్పుడు నాలుగేళ్ళ మగకుక్క కేసు వచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళను ఇద్దరిని కరిచింది, ఒకరికి కుట్లు పడ్డాయి. ఓనరేమో "మావాడు బంగారం అండీ, మీరు భయపడకుండా వస్తే చాలు" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలి?

ముంజేతి మచ్చ:
భయం ఉంటే ఉండనివ్వు తమ్ముడూ. నన్ను కరిచిన రోజు నాకు ఏ భయమూ లేదు. ఆ కుక్కతో అది మూడో సెషన్. నా పక్కనే నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ఓనరుతో మాటల్లో పడి, కిందపడ్డ లీష్ తీద్దామని దాని మీదుగా వంగాను. రొప్పడం ఆగిపోయింది, నోరు మూసుకుంది. ఆ చప్పుడు ఆగడం నాకు వినపడింది కూడా! అయినా వంగుతూనే ఉన్నాను. మరుక్షణం ముంజేతిలో రెండు కోరలు దిగాయి. ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. తర్వాత తెలిసిందేంటంటే, గుర్రుమన్నప్పుడల్లా కొట్టి మాన్పించారట. గుర్రుమనే కుక్కయితే నాకు హాయి, ముందే చెబుతుంది కదా.

ఫోన్లోనే అన్నీ అడుగు. ఎక్కడ కరిచింది, ఎన్నిసార్లు, వెంటనే వదిలేసిందా, పట్టుకుని విదిలించిందా? కాటు ఎంత తీవ్రమైందో చెప్పే ఇయాన్ డన్‌బార్ ఆరు స్థాయిల కొలత చూసే ఉంటావు. కోర సగం పొడవు మించి దిగితే అది నాలుగో స్థాయి. ఇదీ అలాంటిదే అయితే ఒంటరిగా వెళ్ళకు, ఇలాంటి కేసులు చేసినవాళ్ళ పక్కన ఉండి నేర్చుకో.

వెళ్ళేముందే బాస్కెట్ మజిల్ పెట్టి ఉంచాలి. ఎద్దు మూతికి కట్టే చిక్కంలా ఉంటుందే, అది. అందులో కుక్క రొప్పగలదు, నీళ్ళు తాగగలదు, మనమిచ్చేది తినగలదు. మూతిని బిగించేసే గుడ్డ మజిల్ వద్దు, రొప్పలేక ఒళ్ళు వేడెక్కిపోతుంది. కాలర్‌కు ఒక లీష్, ఛాతీ చుట్టూ వేసే పట్టీలకు, అదే హార్నెస్‌కు, ఇంకొకటి. ఒకటి ఓనరు చేతిలో, రెండోది కదలని కొక్కేనికి. ఆ లీష్ ఎంతవరకు సాగుతుందో కొలిచి, నేల మీద రంగు టేపు అంటిస్తాను. మాటల్లో పడితే కాళ్ళు వాటంతటవే ముందుకు పోతాయి మరి. మొదటి రోజు కుక్కను ముట్టుకోను. పక్కకు తిరిగి కూర్చుని, దూరంనుంచి తిండి విసిరి వచ్చేస్తాను.

కట్లు కట్టేవాణ్ణి:
పశువుల ఆసుపత్రిలో పని చేస్తాను. ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టిన కుక్కకు ముందు డాక్టరు పరీక్ష చేయించండి. చెవిలో చీము, పుచ్చిపోయిన పన్ను, తుంటి నొప్పి ఇవన్నీ కోపంలాగే కనిపిస్తాయి. మీరు కూడా రేబిస్ టీకా ముందుగానే వేయించుకోండి. వేయించుకున్నా సరే, కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధార నీళ్ళ కింద గాయం కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. టీకా ముందే ఉంటే మళ్ళీ వేసే డోసులు తగ్గుతాయి, అంతేగానీ అసలు అక్కర్లేదని కాదు.

కొత్త లీష్:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. కానీ ఓనరు మజిల్ వద్దంటున్నారు. దాన్ని అలా చూస్తే జాలేస్తుందట.

ముంజేతి మచ్చ:
అయితే ఇప్పుడే వెళ్ళకు. డబ్బు పోతే పోనీ. మజిల్ కొనిపించి, పట్టీలు బిగించకుండా రోజూ అందులోనే నాలుగు ముక్కలు తినిపించమను. వారమో, మూడు వారాలో, తొందర పెట్టకు. మజిల్ బయటికి తీయగానే కుక్క తనంతట తానే వచ్చి మూతి దూర్చే వీడియో పంపించమను. ఆ తర్వాత పట్టీలు మెల్లగా అలవాటు చేయిస్తే సరి. అప్పుడు డేట్ ఇవ్వు.