ఇంగ్లండ్ పార్లమెంటుకు అసలు బలం ఎప్పుడు వచ్చింది: ఎనిమిదో హెన్రీ కాలంలోనా, 1689లోనా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ చరిత్ర దాదాపు ఒకేలా ఉంటుంది. 1215లో జాన్ రాజు మెడలు వంచి ఒప్పించిన మాగ్నా కార్టా, 1265లో సైమన్ డి మాంట్‌ఫోర్ట్ సభ, 1295లో మొదటి ఎడ్వర్డ్ పిలిచిన సభ, అక్కణ్ణుంచి ఒక్క గంతులో 1628 హక్కుల విన్నపం, 1649లో మొదటి ఛార్లెస్ శిరచ్ఛేదం, 1689 హక్కుల చట్టం. మధ్యలో ఎనిమిదో హెన్రీ కనిపించినా ఆరు పెళ్ళిళ్ళ కోసమే కనిపిస్తాడు.

నా వాదన ఏమిటంటే, పార్లమెంటుకు అందరికంటే ఎక్కువ అధికారం తెచ్చిపెట్టిన రాజు ఆయనే. సభ మీద ప్రేమతో చేశాడని నేను అనను. పోప్‌తో తెగతెంపులు చేసుకోవడానికి ఉత్త రాజాజ్ఞ సరిపోలేదు. అందుకే 1529 నవంబరులో పిలిచిన పార్లమెంటును మధ్యమధ్యలో వాయిదా వేస్తూ 1536 దాకా నడిపించాడు. రోమ్‌కు అప్పీళ్ళు పోకుండా 1533లో ఒక చట్టం, చర్చికి రాజే అధిపతి అంటూ 1534లో ఒక చట్టం, చిన్న మఠాల ఆస్తుల కోసం 1536లో మరొకటి. అంతకుముందు పార్లమెంటు అంటే ప్రధానంగా పన్నులు, విన్నపాలు, భూముల తగాదాలు. ఇప్పుడు దేశమంతా ఏ మతాధికారానికి లోబడాలో కూడా అదే తేల్చింది. 1535లో థామస్ మోర్ తన విచారణలో లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇదే: చర్చికి అధిపతి ఎవరో నిర్ణయించే హక్కు పార్లమెంటుకు ఎక్కడిది? ఆ మాట అన్నది 1523లో కామన్స్ సభకు స్పీకర్‌గా పనిచేసిన మనిషి. ఆ హద్దు ఎంత పెద్దదో ఆయనకు తెలుసు. తలే పోగొట్టుకున్నాడు.

సింహాసనం ఎవరికి దక్కాలన్నది కూడా 1534, 1536, 1544 చట్టాలతోనే తేల్చారు. ఒకసారి చట్టంతో చేసినదాన్ని చట్టంతోనే తీసేయాలి. హెన్రీ కూతురు మేరీకి ఇది బాగా అనుభవంలోకి వచ్చింది. మళ్ళీ పోప్ అధికారాన్ని తేవడానికి ఆమె కూడా పార్లమెంటు దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. మఠాల భూములు కొనుక్కున్నవాళ్ళ జోలికి రాకుండా ఉంటేనే ఆ పని జరిగింది.

పాత దస్తావేజు

గోదారిగట్టు గారూ, మీరు రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టారు. మూడో ఎడ్వర్డ్‌ను వదిలేస్తే ఎలా? ఫ్రాన్స్‌తో యుద్ధం 1337లో మొదలయ్యాక ఆయనకు డబ్బు కావాలి, దాదాపు ఏటా సభ పిలవక తప్పలేదు. ప్రభువులు ఒకవైపు, కౌంటీల నైట్లు, పట్టణాల ప్రతినిధులు మరోవైపు విడిగా కూర్చోవడం ఆయన కాలంలోనే స్థిరపడింది. 1376 సభలో పీటర్ డి లా మేర్ అందరి తరఫున నిలబడి, లెక్కలు తేలేదాకా పన్ను ఇవ్వం అన్నాడు. రాజుకు దగ్గరివాడైన లార్డ్ లాటిమర్ మీద అభిశంసన పెట్టారు. మంత్రిని సభ బోనెక్కించడం అక్కడే మొదలు.

1407లో నాలుగో హెన్రీ ఇంకో మాట ఒప్పుకున్నాడు. రాజుకు ఎంత డబ్బు ఇవ్వాలో ప్రభువులు ముందు తేల్చకూడదు, కామన్స్ నుంచే రావాలి. మన లోక్‌సభలోనే ద్రవ్య బిల్లు పెట్టాలన్న నియమానికి మూలం అంత వెనక్కి పోతుంది.

వరంగల్ వకీలు

ఇద్దరికీ నమస్కారం. మీరు చెప్పిన 1376నే తీసుకుందాం. ఏడాది తిరక్కుండా ఏమైంది? రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ ఆ తీర్పులన్నీ తిరగరాయించాడు. డి లా మేర్‌ను జైల్లో పెట్టారు. సభ ముగిశాక దాన్ని కాపాడేవాడే లేనప్పుడు అది అధికారం ఎలా అవుతుంది?

ఎనిమిదో హెన్రీ విషయంలో నా అభ్యంతరం ఇంకా గట్టిది. ఆ పార్లమెంటు రాజు చేతిలో పనిముట్టు. 1540లో థామస్ క్రామ్‌వెల్‌ను, అన్ని చట్టాలూ సభలో గెలిపించిన అదే మంత్రిని, విచారణ లేకుండా ఒక చట్టంతో చంపేశారు. ఎవరి తల తియ్యమంటే వాళ్ళ తల తీసే సభను బలమైన సభ అని నేను అనలేను.

సభకు బలం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష: రాజు దాన్ని పిలవకుండా ఉండగలడా? 1629 నుంచి 1640 దాకా పదకొండేళ్ళు మొదటి ఛార్లెస్ పిలవలేదు. ఓడల పన్ను అని తీరప్రాంతాలకు ఉన్న పాత పన్నును దేశమంతా వసూలు చేశాడు. ఆ పన్ను కట్టనన్న జాన్ హ్యాంప్డెన్ మీద కేసు నడిస్తే న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజువైపు, ఐదుగురు ఇటువైపు. సరే, చివరికి ఛార్లెస్ తల పోయింది. కానీ తర్వాత ఆయన కొడుకు రెండో ఛార్లెస్ ఏం చేశాడు? 1681 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో పిలిచిన పార్లమెంటును వారానికే రద్దు చేసి, 1685లో చనిపోయేదాకా మళ్ళీ పిలవలేదు. మూడేళ్ళకోసారి పిలవాలని చట్టం ఉన్నా అంతే. కస్టమ్స్ రాబడి పెరిగింది, ఫ్రాన్స్ రాజు నుంచి రహస్యంగా డబ్బు అందింది. ఇక సభతో పనేముంది?

1689 తర్వాత ఇది మారింది. హక్కుల చట్టం గురించి అందరూ చెబుతారు గానీ, నాకు అంతకన్నా ముఖ్యం 1690లో జరిగినది. అంతకుముందు రాజులకు కస్టమ్స్ సుంకాలు జీవితాంతం ఇచ్చేసేవారు. రెండో జేమ్స్ స్థానంలో రాజైన విలియమ్‌కు నాలుగేళ్ళకే ఇచ్చారు. సైన్యాన్ని క్రమశిక్షణలో ఉంచే చట్టానికీ కొద్ది కాలమే గడువు. మరోపక్క ఫ్రాన్స్‌తో యుద్ధానికి ఏడాదికి సుమారు 50 లక్షల పౌండ్లు కావాలి. 1689 నుంచి పార్లమెంటు కూర్చోని సంవత్సరం లేదు. చట్టం లేనిదే పన్ను లేదని మన రాజ్యాంగం 265వ అధికరణ చెబుతుంది కదా, ఆ మాటకు పళ్ళు మొలిచింది అప్పుడే.

లీడ్స్ నుంచి

వకీలు గారూ, ఒక సందేహం. ఫ్రాన్స్‌లోనూ ఇలాంటి సభ ఉండేది. 1614 తర్వాత మళ్ళీ 1789లోనే కూర్చుంది. యుద్ధాలు వాళ్ళకూ ఉన్నాయి, డబ్బు వాళ్ళకూ కావాలి. మరి అక్కడెందుకు చచ్చిపోయింది?

పాత దస్తావేజు

ఫ్రాన్స్ రాజులు పదిహేనో శతాబ్దంలోనే ముఖ్యమైన భూమి పన్నును సభ అనుమతి లేకుండా వేయడం మొదలుపెట్టారమ్మా. ఇంగ్లండ్ రాజుకు ఆ వీలు చిక్కలేదు. అందుకే మూడో ఎడ్వర్డ్ కాలం మీద నేను అంత పట్టుబడుతున్నాను. పన్ను కావాలంటే అడగాలి అన్న అలవాటు అప్పుడు పాతుకోకపోతే తర్వాత హెన్రీ ఉండడు, 1689 ఉండదు.

గోదారిగట్టు

దస్తావేజు గారి మాటకు హెన్రీ కాలమే సాక్ష్యం. 1525లో ఫ్రాన్స్ మీద యుద్ధానికి హెన్రీ మంత్రి ఉల్సీ పార్లమెంటును తప్పించి నేరుగా ప్రజల దగ్గర వసూలు చేయబోయాడు. సఫక్‌లో లావెనమ్ దగ్గర నేతగాళ్ళు, కూలీలు వేలల్లో తిరగబడ్డారు. రాజు ఆ వసూలునే ఆపించాడు. అంత మొండి రాజుకు కూడా దారి దొరకలేదు.

వకీలు గారూ, మీ పరీక్ష డబ్బుకు సరిపోతుంది. కానీ రాజు ఎవరో నిర్ణయించే అధికారానికి సరిపోదు. 1701లో పార్లమెంటు ఏం చేసింది? కేథలిక్కులన్న కారణంతో దగ్గరి వారసులందరినీ పక్కన పెట్టి, జర్మనీలో ఉన్న హానోవర్ సోఫియాకూ ఆమె సంతానానికీ సింహాసనం రాసింది. 1714లో ఆమె కొడుకు జార్జ్ వచ్చి రాజయ్యాడు. ఒక సభ ఇంత పని చేస్తే జనం ఎందుకు ఒప్పుకున్నారు? వారసత్వాన్ని చట్టంతో మార్చడం వాళ్ళకు కొత్త కాదు. పార్లమెంటుతో కలిసి రాణి వారసత్వాన్ని నిర్ణయించలేదని వాదిస్తే అది రాజద్రోహం అని మొదటి ఎలిజబెత్ హయాంలో 1571లోనే చట్టం ఉంది. అది ఆమె తండ్రి ఎనిమిదో హెన్రీ వేసిన దారి. రెండో జేమ్స్‌ను తప్పించి సింహాసనం విలియమ్, ఆయన భార్య మేరీలకు ఇచ్చిన 1689 సభ కూడా ఆ దారినే నడిచింది.

వరంగల్ వకీలు

హెన్రీ వారసత్వ చట్టాలన్నీ రాజు కోరితే సభ చేసినవి. 1689లో సింహాసనం ఖాళీ అయిందని సభే తీర్మానించింది, అడగడానికి రాజే లేడు. ఈ తేడాను మీరు దాటేస్తున్నారు. 1399లో రెండో రిచర్డ్‌ను దించినప్పుడు కూడా సభను వాడుకున్నారు, అయినా తర్వాతి రాజులు దాన్ని లెక్కచేయక తప్పని స్థితి రాలేదు. 1534కీ 1399కీ మధ్య మీరు చూపే తేడా ఏమిటో చెప్పండి, ఒప్పుకుంటాను.