పొద్దున్నే రైడింగ్ ఉంటే గుర్రానికి దాణా ఎప్పుడు పెట్టాలి?

చేవెళ్ల_సవారీ:
అన్నలూ ఒక డౌట్. మా ఫామ్‌లో కాఠియావాడీ జాతి ఆడగుర్రం ఉంది, ఏడేళ్లది, టేపుతో కొలిస్తే 380 కిలోల దాకా వచ్చింది. ఎండాకాలం కదా, ఆరింటికల్లా ఎక్కేస్తున్నా, ఎనిమిది దాటితే ఇక్కడ బయట నిలబడలేం. మా సాయిసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) అయిదున్నరకే నానబెట్టిన ఉలవలు, బార్లీ, గోధుమ తవుడు కలిపి బకెట్ నిండా పెట్టేస్తడు, అదేంటంటే "తినకుండా ఎట్ల ఉరుకుతది సార్" అంటడు. పక్క ఫామ్ ఆయనేమో రాత్రి ఏడు తర్వాత గడ్డి కూడా వేయకు, ఖాళీ కడుపుతోనే ఎక్కు, లేకపోతే కడుపునొప్పి వచ్చి పొర్లుతది అని భయపెట్టిండు. ఎవరి మాట వినాలె? ఇంకోటి, ఈ మధ్య తంగు (జీనుని పొట్ట కింద కట్టే పట్టీ) బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కొరకడానికి వస్తోంది, ఇంతకుముందు ఇట్ల లేదు.

దౌడు_రాజు:
బ్రో ఇద్దరి మాటా వినకు. దాణా విషయంలో పక్క ఫామ్ ఆయన కరెక్ట్, గడ్డి విషయంలో పూర్తిగా రాంగ్.

గుర్రానికి ఒళ్ళు అంత ఉన్నా కడుపు మాత్రం చిన్నది, మహా అయితే పదిహేను లీటర్లు పడుతుంది, ఆవుకున్నట్టు నాలుగు అరలు ఉండవు. అందులో ఆసిడ్ తిన్నా తినకపోయినా 24 గంటలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. కడుపు కింది భాగానికి జిగురుపొర కాపలా ఉంది, పై భాగానికి లేదు. ట్రాట్ అంటే చిన్న పరుగులోకి వెళ్ళగానే పొట్ట కండరాలు బిగుసుకుని కింద ఉన్న ఆసిడ్ ఆ పై గోడల మీదికి ఎగజిమ్ముతుంది. రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా పదకొండు గంటలు మేత లేకుండా నిలబెట్టి దౌడు తీయిస్తే పుండ్లు పడక ఏమవుతాయి? ట్రైనింగ్‌లో ఉన్న రేసుగుర్రాల్లో ఎక్కువభాగానికి ఈ అల్సర్లు ఉంటాయి. తంగు దగ్గర కొరకడానికి రావడం కూడా దీని లక్షణాల్లో ఒకటి, జీను సరిగ్గా కూర్చోకపోయినా అలాగే చేస్తుంది అనుకో, అదీ చూసుకో.

నేనైతే బ్రష్ కొట్టి జీను వేసేలోపు ముందర రెండు గుప్పిళ్ళు లూసర్న్ (ఒకరకం పప్పుజాతి మేత), కాస్త ఎండుగడ్డి పడేస్తా, అది నములుతూనే ఉంటుంది మన పని మనం చేసుకోవచ్చు. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ, ఆసిడ్‌ని కొంచెం అణుస్తుంది, గడ్డేమో కడుపులో తెట్టులా పైన తేలి ఆ చిమ్మడాన్ని ఆపుతుంది. ఒకటి రెండు కిలోలు చాలు, పొట్ట పగిలేలా వద్దు.

దాణాకి మాత్రం రైడింగ్‌కి కనీసం రెండు మూడు గంటల గ్యాప్ ఉండాలి. దాణా తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది, అప్పుడు పరిగెత్తిస్తే కొవ్వుని వాడుకోవడం తగ్గి కండరాల్లో దాచుకున్న శక్తి తొందరగా ఖర్చయిపోతుంది, పైగా రక్తం అంతా కాళ్ళకి పోతే అరుగుదల నెమ్మదిస్తుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు గుర్తుంచుకో, లోపలికి పోయింది పోయినట్టే.

తెనాలి_జట్కా:
మా మేనమామ జట్కా తోలేవాడండీ, రైలు రైలుకీ మధ్య గుర్రం మూతికి సంచి కట్టి ఉలవ గుగ్గిళ్ళు పెట్టేవాడు, వెంటనే బండి కట్టేవాడు, ఏమీ కాలేదు. మరీ ఇంత లెక్కలు అవసరమా? కాకపోతే ఉలవలు ఉడకబెట్టి చల్లార్చి పెట్టేవాడు, ఒట్టి నానబెట్టినవి ఎప్పుడూ పెట్టలేదు.

దౌడు_రాజు:
బాబాయ్ గారూ జట్కా గుర్రం బజారులో చిన్న పరుగే కదా, క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగంగా పరిగెత్తడం) ఎక్కడుంది. పైగా కొంచెం కొంచెంగా రోజంతా తినేది, అది చాలా మంచి పద్ధతి. ఇక్కడ బకెట్ నిండా ఒకేసారి పెడుతున్నారు, తేడా అదే. ఈ బరువుకి ఒకపూట దాణా కిలోన్నర దాటకూడదు, దాటితే అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి పోయి పులుస్తుంది, గ్యాస్, కడుపునొప్పి, ముదిరితే డెక్కల వాపు దాకా పోతుంది.

చేవెళ్ల_సవారీ:
థాంక్స్ అన్నా. కానీ సాయిసు మూడింటికి లేచి దాణా పెట్టమంటే పని మానేసి పోతడు 😅. రైడ్ అయ్యాక ఎప్పుడు పెట్టాలె? నీళ్ళు కూడా వేడి మీద తాగితే ప్రమాదం అంటున్నరు.

డాలస్_పద్మ:
మూడింటికి ఎందుకండీ లేవడం, పొద్దున దాణా మొత్తం రైడ్ తర్వాతకి మార్చేయండి. రాత్రి పదింటికి పడుకునే ముందు జాలీసంచిలో ఎండుగడ్డి నింపి వేలాడదీస్తే తెల్లారే దాకా కొరుకుతూనే ఉంటుంది. మొత్తం మేత రోజుకి బరువులో రెండు శాతం దగ్గర, అంటే మీ దానికి ఏడెనిమిది కిలోలు లెక్కేసుకోండి.

నీళ్ళ సంగతి పాత భయం. మేము టెక్సాస్ ఎండల్లో దిగగానే బకెట్ ముందు పెడతాం, తాగినంత తాగుతుంది, ఆ దాహం మీద తాగనివ్వకపోతే తర్వాత సరిగ్గా తాగదు, లద్దె గట్టిపడి అడ్డం పడుతుంది, అసలు కడుపునొప్పి అలా వస్తుంది. ఒంటి మీద నీళ్ళు పోసి నడిపించండి, ఎండుగడ్డి వెంటనే వేయొచ్చు. దాణాకి మాత్రం ఆగాలి, ముక్కుపుటాలు ఎగరడం ఆగి, ముందుకాళ్ళ మధ్య చెయ్యి పెడితే వేడి తగలకూడదు, మామూలుగా గంట పడుతుంది. చెమట బాగా పట్టిన రోజు అందులో రెండు పెద్ద స్పూన్ల ఉప్పు కలపండి.

మార్పు ఒక్కరోజులో చేయకండి, వారం పదిరోజుల్లో మెల్లగా జరపండి.

దౌడు_రాజు:
+1. తంగు గొడవ మాత్రం వదిలేయకు, గుర్రాలు చూసే డాక్టర్‌తో కడుపులోకి కెమెరా వేయించి చూపించు. ఎవరో చెప్పారని మనుషులకిచ్చే ఒమెప్రజోల్ (ఆసిడ్ తగ్గించే మందు) మాత్రలు పొడి చేసి దాణాలో కలపకు, పైపొర లేకపోతే ఆ మందు కడుపులో ఆసిడ్‌కే చెడిపోతుంది, డబ్బులు దండగ. గుర్రాలకి పేస్ట్ వేరే ఉంది, ఎంత వేయాలో డాక్టరే చెప్తాడు.