పాటల పోటీలో తోటివాళ్ళ పాటలకు సమీక్ష ఎలా రాయాలి?

పల్లవికరువు అడిగిన ప్రశ్న:

లలితగీతాల పోటీ. అంశం "తొలకరి". సాహిత్యం, బాణీ రెండూ సొంతంగా చేయాలి, పాట మూడు నిమిషాలు దాటకూడదు. పాట పంపినవాళ్ళే మిగతావాళ్ళ పాటలకు సమీక్ష రాసి పదికి మార్కులు వేయాలన్నది నియమం. నా వాటాకు పది పాటలు వచ్చాయి, గడువు ఆరు రోజులు.

ఒకరు స్టూడియోలో తబలా, వేణువు పెట్టి రికార్డు చేశారు. ఇంకొకరు ఫోన్ ముందు కూర్చుని చప్పట్లు కొడుతూ పాడేశారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో ఎలా తూచాలి? యతి ప్రాసలు లేకపోతే మార్కులు కోయాలా? శ్రుతి, తాళం తప్పాయని రాస్తే గట్టిగా నిలబడే ఆధారం ఏం చూపించాలి? నేనూ పోటీలో ఉన్నాను కాబట్టి ఏ లోపం ఎత్తి చూపినా "అసూయ" అంటారేమోనని ఇంకో భయం. తెలిసినవాళ్ళు చెప్పండి.

తాళంచెవి:

ముందు టైము లెక్క వేసుకోండి. మూడు నిమిషాల పాట మూడుసార్లు వింటే తొమ్మిది నిమిషాలు, ఆపి వెనక్కి జరుపుకోవడానికి ఇంకో ఐదారు, రాయడానికి పది. అంటే పాటకు 25 నిమిషాలు, పదింటికీ నాలుగు గంటల పైమాటే. పూటకు మూడు పాటలు చాలు. నాలుగో పాటకు చెవి మొద్దుబారుతుంది, అందులో ఆ పాట తప్పేమీ ఉండదు. పంపిన వరసలోనే వినకండి, చీటీలు తీసుకోండి.

మొదటిసారి సాహిత్యం కాగితం చూడొద్దు. పాట అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి, పల్లవి ఎంత గుర్తుంటే అంత కూనిరాగం తీయండి. మాటలు మీకు ఎలా వినబడ్డాయో అలాగే రాసుకోండి, తప్పుగా విన్నా సరే. సమీక్షలో అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అదే. రాసినవాడికి తన మాటలు ఎప్పుడూ స్పష్టంగానే వినిపిస్తాయి, ఎక్కడ మసకబారాయో వాడికి ఇంకొకళ్ళు చెప్పాల్సిందే. రెండోసారి కాగితం చేతిలో పెట్టుకుని అనుమానం వచ్చినచోట గీత పెట్టండి. మూడోసారి ఆ గీతల దగ్గరే ఆగండి, పక్కన నిమిషం, సెకను వేసుకోండి.

స్టూడియో పాట, ఫోన్ పాట సంగతి. రెండింట్లోనూ గొంతు ఒకే స్థాయిలో వినబడేలా వాల్యూం సరిచేసుకున్నాకే పోల్చండి. ఒకే పాటను కాస్త గట్టిగా పెట్టినా చెవికి అదే మెరుగ్గా తోస్తుంది. స్టూడియోలో మాస్టరింగ్ (రికార్డింగుకి చివరి మెరుగులు) చేసినవి ఎలాగూ గట్టిగానే ఉంటాయి, మనకు తెలియకుండానే అటు మొగ్గుతాం. ఆ తర్వాత రెండు పల్లవుల్నీ మాటలు తీసేసి వట్టి తననాలతో మీరే పాడి చూడండి. వేణువు లేకుండా నిలబడే బాణీ ఏదో అక్కడ తేలిపోతుంది. పోటీ పాట కట్టడానికి పెట్టారు తప్ప రికార్డింగుకి కాదు. ఫ్యాను చప్పుడుకి మార్కు కోయొద్దు. కీబోర్డు హోరులో మాటలు మునిగిపోతే మాత్రం చెప్పాలి, అది పాటకే నష్టం.

గురువులఘువు:

తాళంచెవి గారితో ఒక్కచోట పేచీ. మొదటిసారి కాగితం వద్దన్నారు, ఒప్పుకుంటాను. కానీ రెండోసారి వినేముందు పాట పెట్టకుండా కాగితం ఒక్కటే పైకి చదవండి. బాణీ తియ్యగా ఉంటే మాటల లోపాన్ని కప్పేస్తుంది.

యతి ప్రాసల గురించి అడిగారు. పద్యానికి అవి నియమం, లలితగీతానికి అలంకారం. లేవని మార్కు కోయడం అన్యాయం. పాటకు కావలసింది మాత్రల లెక్క. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు. సున్నా ఉన్నా, వెనక ద్విత్వమో సంయుక్తమో వచ్చినా ముందు అక్షరం గురువై రెండు మాత్రలు అవుతుంది. ఈ లెక్క వేళ్ళమీద వేయగలిగితే "ఏదో కుంటుతోంది" అని రాసే బదులు ఎక్కడ కుంటుతోందో రాయగలరు.

మిశ్రగతిలో, అంటే మూడు నాలుగు మూడు నాలుగుగా నడిచే పాటలో ఈ పాదం చూడండి:

వాన చినుకుల వాలుజడలో

వాన మూడు, చినుకుల నాలుగు, వాలు మూడు, జడలో నాలుగు. మొత్తం పద్నాలుగు మాత్రలు, ఎక్కడా తట్టుకోదు. అడక్కపోయినా "వాన", "వాలు" మధ్య యతి కూడా కుదిరింది. ఇప్పుడు దాన్నే "వాన చినుకు వాలుజడలో" అని రాశారనుకోండి. రెండో గణంలో, అంటే రెండో మాత్రల గుంపులో, ఒక మాత్ర తగ్గింది. పాడేవాడు ఆ ఖాళీని ఎక్కడో పూడ్చాలి, "చీనుకు" అనో "చినూకు" అనో సాగదీస్తాడు. వినేవాడికి "గాయకుడి ఉచ్చారణ బాగాలేదు" అనిపిస్తుంది. నిజానికి తప్పు గొంతుది కాదు, కలానిది. సమీక్షలో "రెండో గణంలో ఒక మాత్ర తక్కువ, 'చినుకుల' అంటే సరిపోతుందేమో చూడండి" అని రాస్తే చాలు. పాదం చివర సాగదీస్తే పట్టించుకోవద్దు. "మల్లెపూవులు మాలకట్టి" అని ముగిస్తే చివర మూడు మాత్రలే, కానీ "ట్టి" మీద ఊపిరి ఆపుకుంటారు. అది అందరూ చేసేదే.

దీనికన్నా పెద్ద లోపం పదం విరుపు. "నీలి మేఘమాలలో" అన్నదాన్ని బాణీ కోసం "నీలి మేఘమా" దగ్గర ఆపి, ఊపిరి తీసుకుని "లలో" అని అందుకుంటే, మేఘాన్ని పిలుస్తున్నాడనుకుంటాం, వెనక మిగిలిన "లలో"కి అర్థం లేదు. కాగితం మీద ఈ తప్పు కనబడదు, విన్నప్పుడే దొరుకుతుంది. ఊపిరి తీసుకున్న ప్రతిచోటా కాగితం మీద నిలువు గీత పెట్టండి. గీత మాట మధ్యలో పడిందంటే అక్కడ రాయాల్సింది ఉంది.

అంత్యప్రాసల్లోనూ సరుకు, నాసిరకం ఉంటాయి. "కురిసింది, మురిసింది" ప్రాస. "కురిసింది, పలికింది" కలిపింది క్రియ తోకే. తెలుగులో ఏ క్రియకైనా ఆ తోక వస్తుంది, అందులో కష్టమేమీ లేదు. అలాగే మాత్రలు చాలక దూర్చిన "లే", "మరి", "హాయిగా", "మెల్లగా"లను తీసేసి చదవండి. అర్థం చెక్కుచెదరకపోతే అవి పూత మాటలు.

అంశం తొలకరి కాబట్టి ఇంకొకటి. పదింటిలో తొమ్మిది పాటల్లో మట్టివాసన ఉంటుంది. ఆ మాట వచ్చిందని విసుక్కోకండి, దానితో ఏం చేశారో చూడండి. తొలకరి అంటే మృగశిర కార్తె, ఏరువాక, విత్తనాలు, ఆరుద్ర పురుగులు. అదే చరణంలో పండిన వరికంకులు ఊగితే కాలం తప్పినట్టు, తప్పకుండా రాయండి. యాసను మాత్రం తప్పనొద్దు. "వస్తున్నడు" అని రాస్తే దీర్ఘం మరిచిపోయారనుకునే పండితులు ఇంకా ఉన్నారు! ఒకే పాటలో, ఒకే మనిషి నోట "వస్తున్నడు", "వస్తున్నాడు" రెండూ వస్తే కావాలనే చేశారా అని అడగండి, అంతే.

శ్రుతిపెట్టె:

తాళం, శ్రుతి సంగతి నాకు వదిలేయండి.

"తాళం తప్పింది" అన్న ఒక్క ముక్క మీద గొడవలవుతాయి, కొలిచి చెప్తే కావు. నాలుగు దెబ్బల ఆవర్తం (తాళం ఒక చుట్టు) అనుకోండి, చరణానికి 16 ఆవర్తాలు, అంటే 64 దెబ్బలు. నిమిషానికి 90 దెబ్బల వేగంలో దానికి దాదాపు 43 సెకన్లు పట్టాలి. మొదటి చరణం 43 సెకన్లలో, రెండోది 40లో అయిపోతే వేగం 96కి చేరినట్టు. పక్కవాద్యం లేకుండా, చప్పట్లతో పాడేవాళ్ళు దాదాపు అందరూ ఇలాగే పరిగెడతారు, ముఖ్యంగా పైస్థాయికి వెళ్ళినప్పుడు. "రెండో చరణంలో మూడు సెకన్లు ముందుకు జరిగారు, దెబ్బలు లెక్కగా కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని పాడి చూడండి" అని రాస్తే ఎవరూ నొచ్చుకోరు.

శ్రుతీ అంతే. ఫోన్‌లో తంబురా యాప్ తెరిచి మొదటి పల్లవి షడ్జానికి (ఆధార స్వరం 'స'కి) శ్రుతి కలపండి, చివరి పల్లవి దగ్గర మళ్ళీ పెట్టండి. ఒకటిన్నర శ్రుతిలో మొదలై ఒకటి శ్రుతికి దిగి ముగిస్తే అరమెట్టు జారినట్టు. చరణంలో తారస్థాయి గాంధారం (పైస్థాయి 'గ') దగ్గర గొంతు చీలుతోందంటే అది బాణీ లోపం కాకపోవచ్చు, శ్రుతి ఎంపిక లోపం. ఒక మెట్టు దించి పాడమనండి. ఇది చూసుకోకుండా "బాణీ అందడం లేదు" అని రాసేవాళ్ళు ఎక్కువ.

అన్యస్వరం (రాగంలో లేని స్వరం) పడిందని లలితగీతాన్ని తప్పుపట్టకండి, అది శాస్త్రీయ కృతి కాదు. ఫలానా సినిమా పాటలా ఉందని తోస్తే కూడా తొందరపడొద్దు. మోహనలో ఉన్నవే ఐదు స్వరాలు, ఆ రాగంలో కట్టిన ఏ రెండు పాటలైనా ఎక్కడో ఒకచోట చుట్టాల్లా కనబడతాయి. అవే స్వరాలు, అవే దెబ్బల మీద, వరసగా రెండు ఆవర్తాలు నడిస్తే అప్పుడు అనుమానించండి. దాన్నీ సమీక్షలో రాయకుండా నిమిషం, సెకను వేసి నిర్వాహకులకు పంపండి. "కాపీ" అన్న మాట నలుగురిలో ఒకసారి పడ్డాక తుడవలేం.

పల్లవికరువు:

అందరికీ ధన్యవాదాలండీ. ఒకటి రాసి చూశాను, నిర్మొహమాటంగా చెప్పండి:

"పాట చాలా బాగుంది. పల్లవి మనసుకు హత్తుకుంది. రెండో చరణం కాస్త తగ్గింది. పదాల ఎంపికపై ఇంకొంచెం శ్రద్ధ పెడితే బాగుండేది. రికార్డింగ్ ఇంకా మెరుగవ్వాలి. ఆల్ ది బెస్ట్. 7/10."

గురువులఘువు:

ఇది పది పాటలకూ అతికే అచ్చు. పాట పేరు తీసేస్తే ఎవరి పాట గురించో కనిపెట్టగలరా? "హత్తుకుంది" అన్నారు, ఏ మాట? "తగ్గింది" అన్నారు, ఎక్కడ, ఏది? మీరు గీతలు పెట్టుకున్నవి ఏమేం ఉన్నాయో ఇక్కడ పెట్టండి.

పల్లవికరువు:

0:12 దగ్గర "దుక్కి దున్నిన నేల నుదుట" అన్నది ఒక్కసారికే గుర్తుండిపోయింది. 1:35 దగ్గర "మెల్లగా" రెండుసార్లు వచ్చింది. 1:48లో "పచ్చిక బయలు" అన్నది "పచ్చి" దగ్గర విరిగింది. చివర్లో శ్రుతి జారలేదు.

గురువులఘువు:

ఇంత చేతిలో పెట్టుకుని ఆ అచ్చు ఎందుకండీ! ఇలా రాయండి:

"0:12లో 'దుక్కి దున్నిన నేల నుదుట' ఒక్కసారి వినగానే పట్టుబడింది. దకారాలు రెండు, నకారాలు రెండు జంటగా పడటం వల్ల నాగలి సాగినట్టే ఉంది. రెండో చరణంలో 'మెల్లగా' రెండుసార్లు వచ్చింది, 1:35 దగ్గర ఒకటి తీసేసినా అర్థం పోదు. ఆ ఐదు మాత్రల్లో పొలంలో కనబడే వస్తువు ఒకటి పెట్టొచ్చేమో. 1:48లో 'పచ్చి' దగ్గర ఊపిరి తీసుకోవడంతో 'పచ్చిక' విడిపోయింది. ఊపిరి 'బయలు' తర్వాత తీసుకుంటే సరి. చివరిదాకా శ్రుతి నిలిచింది."

బాగున్నది ఎందుకు బాగుందో కూడా చెప్పారు కాబట్టి అసూయ అనే మాటకు చోటుండదు.

తాళంచెవి:

మార్కుల గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. మొదటి పాట వినగానే 8 వేసేస్తే తర్వాతిది అంతకన్నా బాగున్నప్పుడు ఇరుక్కుపోతారు. పదీ విన్నాక ముందు వరస పెట్టండి, ఆ తర్వాతే అంకెలు. అందరికీ 7, 8 వేసేవాడి ఓటుకి విలువ ఉండదు. పక్కవాడు 3 నుంచి 9 దాకా వాడితే ఫలితం వాడే తేలుస్తాడు.

నిర్వాహకులు ఒప్పుకుంటే రెండు అడగండి. సమీక్షలన్నీ ఒకేరోజు ఒకేసారి బయటపెట్టమనండి, లేకపోతే మొదటివాడు ఏం రాస్తే మిగతావాళ్ళు దాని చుట్టే తిరుగుతారు, "నాకు తొమ్మిది వేశాడు కాబట్టి" అనే బాకీలూ మొదలవుతాయి. రెండోది, ప్రతి పాటకూ పైమార్కు ఒకటి, కిందిమార్కు ఒకటి వదిలేసి సగటు తీయమనండి. ఒక పాటకు 9, 8, 8, 7, 3 వచ్చాయనుకుంటే మామూలు సగటు 7. రెండు కొసలూ తీసేస్తే 7.67. ఆ 3 వేసినవాడికి కక్ష ఉందో, నిజంగానే నచ్చలేదో తేల్చుకునే పని ఎవరికీ ఉండదు.