ఈనిన కుక్కకు పొట్ట జారితే కండరం చెడినట్టేనా?

లాబ్రడార్ ఇంటివారు:
మా కుక్కకు ఇది తొలి ఈత. పిల్లలు పాలు మానేసినా, నిలబడితే పొట్ట వేలాడుతూనే ఉంది. బాలింతకు కట్టినట్టు నడికట్టు కట్టమంటున్నారు మా అత్తగారు. కండరం చీలిపోయింది, ఇక మళ్లీ చూలు కానివ్వవద్దంటున్నారు పక్కింటివారు. ఎవరి మాట వినాలి?

కెన్నెల్ బాబాయి:
పక్కింటివారి మాట. ఈత ఈతకూ పొట్ట దిగడం నేను కళ్లారా చూస్తున్నదే. అంత బరువు మోసిన కండరం మళ్లీ బిగుస్తుందనుకోవడం భ్రమ.

పశువైద్యుడు:
బాబాయి గారూ, చూసింది నిజమే. కానీ దిగింది కండరమేనా? చూలు సుమారు 63 రోజులు. అందులో మొదటి సగం పొట్టలో పెద్దగా తేడా కనబడదు. చివరి మూడు నాలుగు వారాల్లోనే పిల్లలు గబగబా పెరుగుతాయి, కండరం సాగేదీ అప్పుడే. అయితే అది ఒంటి పొర కాదు. నడుమ తెల్లటి గట్టి నారపట్టీ, దానికి అటూ ఇటూ నిలువు కండరాలు, పక్కల నుంచి వేర్వేరు దిశల్లో అల్లుకున్న మరో మూడు పొరలు ఉంటాయి. మామూలు చూలుకు అవి చీలిపోవు, సాగి సన్నబడతాయి. ఈనాక మళ్లీ దగ్గరపడతాయి.

వేలాడుతున్న చోట రెండు వేళ్లతో పట్టి చూడండి. చర్మంతో పాటు చేతికొచ్చేది ఎక్కువగా పాల గ్రంథులూ కొవ్వూ. కండరం అలా చేతికి రాదు.

నడికట్టు మాత్రం వద్దు. పాలున్నప్పుడు కడితే చనులు నొక్కుకుని పాలు గడ్డకడతాయి, వాపు వస్తుంది. పాలు ఆగాక కడితే చర్మం ఒరుసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వీధికుక్కల నేస్తం:
ఏటా ఈనే వీధికుక్కల పొట్టలు వీపుకు అంటుకుని ఉంటాయి, చనులు మాత్రం వేలాడతాయి. పరుగే మందు కదా?

పశువైద్యుడు:
అది పరుగు కంటే ఆకలి పుణ్యమమ్మా. నడక మంచిదే, బరువు తగ్గితే పొట్ట కూడా పైకి కనిపిస్తుంది. కానీ పాలిచ్చే తల్లికి తిండి తగ్గించకూడదు. చూలులో బలానికని కాల్షియం మాత్రలు మింగించడం కూడా తప్పే. ఈనాక ఒంట్లో కాల్షియం పడిపోయి వణుకు, ఫిట్స్ వచ్చే ముప్పు దానివల్ల పెరుగుతుంది.

లాబ్రడార్ ఇంటివారు:
ముందు చెప్పలేదు. వెనక కాలి గజ్జలో నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు ఒకటి ఉంది. వెల్లకిలా పడుకోబెడితే లోపలికి పోతోంది.

కెన్నెల్ బాబాయి:
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే!

పశువైద్యుడు:
ఇది వేరు, బాబాయి గారూ. గజ్జలో పుట్టుకతోనే ఉండే సందు వెడల్పై కొవ్వో పేగో జారే హెర్నియా కావచ్చు. మధ్య కండరం సాగడానికీ దీనికీ పోలిక లేదు. అయినా మళ్లీ చూలు వద్దన్న మీ మాట ఇక్కడ సరైనదే. ఈసారి గర్భసంచే పిల్లలతో సహా ఆ సందులోకి జారవచ్చు. ఇంటివారూ, వారంలోగా చూపించండి. హెర్నియా అని తేలితే అది కుట్టేటప్పుడే గర్భసంచి తీసేసే ఆపరేషన్ కూడా చేయించవచ్చు. ఉబ్బు గట్టిపడినా, ముట్టుకుంటే మూలిగినా, వాంతులైనా రాత్రని చూడకుండా తీసుకెళ్లండి.