బేస్‌మెంట్‌లో సంగీత గది: మృదంగం శబ్దం పైగదికి వెళ్లకుండా ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉంటున్నాము. మాది చెక్కతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద పని పూర్తి చేయని బేస్‌మెంట్ ఉంది. అందులో ఒక మూల 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న స్థలంలో సంగీత సాధనకూ రికార్డింగుకూ ఒక గది కట్టుకోవాలని అనుకుంటున్నాము. పై అంతస్తు నేలను మోసే చెక్క దూలాల (జాయిస్టుల) కింద ఎత్తు 8 అడుగులు. నేను మృదంగం వాయిస్తాను, మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. ఆమె గురువుగారు విజయవాడలో ఉంటారు కనుక అక్కడ ఉదయం 6 గంటలకు మొదలయ్యే పాఠం వేసవిలో మాకు రాత్రి 7:30కి వస్తుంది. అది ముగిశాక గాని నాకు సాధన చేసుకునే వీలు దొరకదు. సరిగ్గా ఆ మూలకు పైనే మా అత్తగారి పడకగది ఉంది, ఆవిడ త్వరగా పడుకుంటారు.

గోడలకూ సీలింగ్‌కూ అంతటా నురుగు పలకలు అంటిస్తే సరిపోతుందని ఒక కాంట్రాక్టరు చెప్పారు. అది నిజమేనా? పక్కనే ఉన్న ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం), సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరే నీటిని తోడే పంపు) శబ్దాలు రికార్డింగులో పడకుండా ఏం చేయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (స్టూడియో గదులు కట్టే పనిలో ఉన్నవారు)

నమస్కారమండీ. నురుగు పలకల మాట ముందు తేల్చేద్దాం. అవి గదిలో పుట్టిన ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయి గాని, శబ్దాన్ని గది దాటకుండా ఆపలేవు. శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి, గాలి దూరే సందు లేకుండా ఉండాలి, రెండు పొరల మధ్య గట్టి బంధం తెగిపోవాలి. నురుగులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పైగా చవక రకం నురుగుకు నిప్పంటుకుంటే వేగంగా కాలి విషపు పొగ వదులుతుంది. బయటికి దారి తక్కువగా ఉండే బేస్‌మెంట్‌లో దాన్ని గోడనిండా అంటించడం ప్రమాదకరం.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. రెండు పక్కల కాంక్రీటు గోడ, దాని వెనక మట్టి, కింద నేల మీద పోసిన స్లాబు ఉన్నాయి కనుక ఆ దిక్కుల మీద మీరు ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టనవసరం లేదు. మీ సమస్యంతా సీలింగ్‌లో ఉంది. డ్రైవాల్‌ను, అంటే జిప్సం పలకను, నేరుగా జాయిస్టులకు బిగిస్తే, ఆ పలక అదిరినప్పుడల్లా జాయిస్టు అదురుతుంది, దానితోపాటు పైగది నేల కూడా అదురుతుంది. అప్పుడు మధ్యలో ఎంత ఇన్సులేషన్ కుక్కినా చెక్క గుండా వెళ్లే శబ్దం తగ్గదు.

అందువల్ల జాయిస్టులకు రబ్బరు ఉన్న సౌండ్ క్లిప్పులు బిగించి, వాటిలో హ్యాట్ చానెల్ అనే రేకు పట్టీలు అమర్చి, ఆ పట్టీలకు మాత్రమే డ్రైవాల్‌ను బిగించాలి. జాయిస్టుల మధ్య మామూలు ఫైబర్‌గ్లాస్ చాలు. దాన్ని అదిమి నింపకూడదు. డ్రైవాల్ 5/8 అంగుళాల మందం రకం రెండు పొరలు వేయండి. ఒక్కో పొర చదరపు అడుగుకు సుమారు 2.2 పౌండ్లు తూగుతుంది. బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఆ తర్వాత మూడో పొర, నాలుగో పొర అంటూ పోతే ఖర్చు పెరిగినంతగా ఫలితం పెరగదు. రెండు పొరల మధ్య అదురును మింగే జిగురు పూస్తారు. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న పలకకు రెండు గొట్టాలు పడతాయి.

ఇక్కడ పనివాళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచవలసిన ఘట్టం మరలు బిగించడం. మర కాస్త పొడవై చానెల్‌ను దాటి జాయిస్టులోకి దిగితే, ఆ ఒక్క చోట పలక మళ్లీ చెక్కకు అంటుకుపోతుంది, అలాంటివి పది మరలు పడితే క్లిప్పులకు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. సరిగ్గా పడిన మర చానెల్‌లో చివర్న మెల్లగా బిగుసుకుంటుంది. చెక్కలోకి దిగిన మరకు డ్రిల్లు బరువుగా మూలుగుతుంది. ఆ తేడా చెవికే తెలుస్తుంది కనుక పక్కన నిలబడి వినండి.

సందుల సంగతి కూడా తక్కువగా చూడవద్దు. గోడ ఎంత మందంగా ఉన్నా, దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే అది 20 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని తగ్గించలేదు. సీలింగ్ చుట్టూ అంచున పావు అంగుళం వదిలి, ఎన్నటికీ గట్టిపడని అకూస్టిక్ సీలెంట్‌తో నింపించండి.

మరొక మాట. దుకాణంలో మీకు ఎస్.టి.సి. అనే అంకె చూపిస్తారు, గోడ గాని సీలింగ్ గాని శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే కొలత అది. ఆ అంకె 125 హెర్ట్జ్ నుంచి పైకి మాత్రమే లెక్కిస్తుంది. అది మాటల శబ్దానికి సరిపోయే కొలత. రవ్వ ముద్ద పెట్టిన తొప్పి (మృదంగం ఎడమ వైపు) నాదం అంతకంటే కిందే ఉంటుంది. కనుక ఎస్.టి.సి. 60 అని రాసి ఉన్న సీలింగ్ కింద కూడా వయొలిన్ వినబడకుండా పోవచ్చు గాని, తొప్పి మీద కొట్టే గుంకారం కొంత పైకి చేరుతుంది. దాన్ని పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండవ సమాధానం (ఇళ్ల విద్యుత్తు పనులు చేసేవారు)

పైవారు చెప్పినదంతా సరైనదే. నేను చెప్పేవి డ్రైవాల్ వేయకముందు చూసుకోవలసినవి. ముందుగా నగర కార్యాలయంలో అనుమతి తీసుకోండి. చాలా చోట్ల వాడే నివాస గృహాల కోడ్ ప్రకారం సీలింగ్ పూర్తయ్యాక 7 అడుగుల ఎత్తు మిగలాలి, అగ్నిప్రమాదంలో బయటపడేందుకు కిటికీ గాని తలుపు గాని ఉండాలి. మీ ఊరి నిబంధన ఏమిటో అక్కడే కనుక్కోండి. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు పరీక్ష చేయించి, లీటరు గాలికి 4 పీకోక్యూరీలు దాటితే ముందు దాన్ని సరిచేయించండి. నేల మీద ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కింద చెమ్మ చేరితే వాద్యాలు అక్కడ ఉంచే ఆలోచనను అది ఆరేదాకా వాయిదా వేయండి, ఎందుకంటే మృదంగం చర్మానికి తేమ పట్టిందంటే శ్రుతి నిలవదు.

సీలింగ్‌లో గుండ్రటి రంధ్రాలు కోసి పెట్టే దీపాలు వద్దు, ఒక్కో దీపం ఒక్కో కన్నం. పైన అతికే దీపాలు చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, శబ్దం రాకూడదని ఫర్నేస్‌ను గాలి చొరబడని గదిలో మూసేయకండి. దానికి మండేందుకు గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. మీ గదినే బిగువుగా కట్టుకోండి.

మూడవ సమాధానం (కర్ణాటక సంగీతం రికార్డు చేసేవారు)

గది కొలతలు చూసి రాస్తున్నాను. మీ గది పొడవు 16 అడుగులు, ఎత్తు 8 అడుగులు, అంటే సరిగ్గా సగం. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 8 అడుగుల ఎత్తు వల్ల 70 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది. 16 అడుగుల పొడవు వల్ల 35 దగ్గరా, మళ్లీ 70 దగ్గరా మోగుతుంది. రెండూ ఒకే చోట కలిశాయి, అదీ తొప్పి పలికే పరిసరాల్లోనే. ఈ గదిలో ఒక మూల కూర్చుంటే తొప్పి ఉరుముతుంది, మరో చోట కూర్చుంటే చచ్చినట్టు వినిపిస్తుంది, మైకు ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడతారు.

క్లిప్పులు, రెండు పొరలు కలిపి ఎత్తులో సుమారు 3 అంగుళాలు పోతాయి గాని, అంతటితో ఈ కలయిక విడిపోదు. కనుక లోపలి గదిని 14 అడుగుల పొడవుకు కుదించండి. అప్పుడు పొడవు మోత 40, 80 దగ్గరికి జరుగుతుంది. మిగిలిన 2 అడుగులను రెండు తలుపుల మధ్య ఖాళీగా వాడుకోండి. ఒక తలుపు బయటికి, ఒకటి లోపలికి తెరుచుకునేలా పెట్టి, రెండూ బోలు లేని గట్టి చెక్కవే కొని, చుట్టూ రబ్బరు పట్టీ, అడుగున దిగే సీలు పెట్టించండి. ఫర్నేస్ గొణుగుడుకు ఆ రెండు తలుపులే పెద్ద అడ్డు అవుతాయి. సంప్ పంప్ పైపు మాత్రం ఇంటి చెక్కను ఎక్కడెక్కడ పట్టుకుని ఉందో చూసి, అక్కడ రబ్బరు ఉన్న పట్టీలు వేయించండి.

లోపల మూలలకు నేల నుంచి సీలింగ్ దాకా 4 నుంచి 6 అంగుళాల మందం మినరల్ వూల్ (రాతి నార) పలకలు గుడ్డతో కప్పి నిలబెట్టండి. గోడలన్నీ కప్పేయకండి. మన వయొలిన్‌కూ గాత్రానికీ గది కొంచెం పలకాలి. మరీ మూగదైపోతే వాయించేవారే అలసిపోతారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. పొడవు, ఎత్తుల లెక్క నా దృష్టికి అసలు రాలేదు, 14 అడుగులకే కట్టుకుంటాము. ఇంకా రెండు సందేహాలు. అత్తగారి గదికి వెళ్లే గాలి డక్ట్ ఆ జాయిస్టుల మధ్య నుంచే పోతోంది, దాన్ని ఏం చేయాలి? పైన ఆవిడ నడిచే అడుగుల చప్పుడు రికార్డింగులో పడకుండా ఉంటుందా?

మొదటి సమాధానం రాసినవారు

డక్ట్ గురించి అడగడం మంచిదయింది. దాని రేకు పలచన. మీ మృదంగం దానిలోకి దూరి తిన్నగా ఆవిడ మంచం పక్కనున్న జాలీ దగ్గర తేలుతుంది. వీలైతే ఆ డక్ట్‌ను మీ గది దాటి మరో దారిన తిప్పించండి. కుదరకపోతే డ్రైవాల్ రెండు పొరలతో దాని చుట్టూ పెట్టె కట్టించి, సందులన్నీ సీలెంట్‌తో మూయించండి. మీ గదికి కావలసిన గాలిని ఆ డక్ట్ నుంచి తీసుకోకండి. లోపల మెత్తటి లైనింగు వేసి, మూడు నాలుగు మలుపులు తిప్పిన వేరే పెట్టెల గుండా ఒకటి గాలి వచ్చేందుకు, ఒకటి పోయేందుకు ఉండాలి. ఇంత బిగువైన గదిలో ఇద్దరు గంటసేపు కూర్చుంటే స్వచ్ఛమైన గాలి తప్పనిసరి.

అడుగుల చప్పుడును కింది నుంచి ఆపడం కంటే పైన పుట్టకుండా చేయడమే చవక. ఆవిడ గదిలో మందపాటి ప్యాడ్ మీద కార్పెట్ పరిపించండి. కాళ్లకూ సుఖంగా ఉంటుంది.

సీలింగ్ మొదటి పొర పూర్తయిన రోజున పని ఆపించండి. కింద తలుపులు మూసి మీరు మృదంగం వాయిస్తూ ఉండండి, మీ అమ్మాయి పైగదిలో నేల అంచులు, జాలీ, కరెంటు ప్లగ్గుల దగ్గర చెవి పెట్టి విని, ఎక్కడ కారుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టమనండి. ఆ గుర్తులన్నీ సరిచేశాకే రెండో పొర వేయించండి.