గింజలు కీచుమన్నాయా, గీపెట్టాయా?

(ఒక అనువాదానికి సరైన క్రియ కోసం వెతుకులాట. మాట్లాడేవారి పేర్ల బదులు వారి ఊళ్ళ పేర్లు.)

తెనాలి: "నిమ్మకాయ పిండినట్టు పిండుతాం, గింజలు గీ... దాకా." జర్మనీ నుంచి యుద్ధ పరిహారం రాబట్టడం గురించి బ్రిటన్ రవాణా మంత్రి ఎరిక్ గెడ్డెస్ 1918 డిసెంబరులో కేంబ్రిడ్జిలో అన్న మాటకు తెలుగు ఇది. "గీ" తర్వాతది అందడం లేదు. కీచుమనేదాకా మాత్రం కాదు, గకారమే.

విజయనగరం: గీపెట్టేదాకా. "గింజుకున్నా గీపెట్టినా" అన్న జంట మనకు ఉన్నదే. గింజ అంటే గింజుకోవడం చెవిలో మోగుతుంది. గింజలకు బదులు అదే అర్థమున్న ఉత్తరాంధ్ర మాట పిక్కలు పెడితే ఈ అందం పోతుంది.

వరంగల్: ఒప్పుకోనండీ. గీపెట్టడంలో మొర ఉంది, ఎవరైనా వింటారన్న ఆశ ఉంది. గింజకు ఆశేమిటి? ఆర్థికవేత్త కీన్స్ 1919లో ఉదహరించిన పాఠంలో "గింజల కీచు మీకు వినబడేదాకా" అన్న అర్థమే ఉంది. చప్పుడే ప్రధానం.

నెల్లూరు: "కిక్కురుమనేదాకా" అంటే? ఆ క్రియ మనకు వ్యతిరేకార్థంలోనే వాడుక: కిక్కురుమనలేదు, కిక్కురుమనకుండా. ఎన్నడూ నోరెత్తనిది నోరెత్తిందంటే పిండిన బలం తెలుస్తుంది.

వరంగల్: వ్యతిరేకంలోనే బతికే క్రియను విరిచి వాడితే వాక్యం కుంటుతుంది.

కాజీపేట: మాట గురించి సరే, మనిషిని రవాణా మంత్రి అనకండి. ఆ డిసెంబరులో ఆయన నౌకాశాఖ మంత్రి. రవాణా శాఖ 1919లో పుట్టింది, దానికి తొలి మంత్రి ఆయనే. ఆగ్రాలో పుట్టి, రోహిల్‌ఖండ్-కుమావూఁ రైల్వేలో పనిచేసి, 1904లో ఇంగ్లండులోని నార్త్ ఈస్టర్న్ రైల్వేలో చేరినవాడు. 1916లో ఫ్రాన్సులోని బ్రిటిష్ సైన్యానికి రవాణా అధిపతి అయ్యాడు. అక్కడి చిక్కు పిండితే తీరేది కాదు. ఫిరంగి గుండ్లు పెద్ద రైలు లైను చివరిదాకా వచ్చి గుట్టపడేవి. అక్కణ్ణుంచి లారీలు, గుర్రబ్బండ్లు. వానకు రోడ్లు విరిగేవి, రోడ్లకు కంకర కావాలి, కంకరకు మళ్ళీ వాగన్లే కావాలి. అందుకే 60 సెంటీమీటర్ల గేజి తేలిక పట్టాలను ఫిరంగుల దగ్గరిదాకా వేయించాడు. ముందు వరుసలో ఆవిరి ఇంజను పనికిరాదు: పగలు పొగ, రాత్రి పొయ్యి వెలుగు శత్రువుకు ఆనవాలు. అక్కడ పెట్రోలు ట్రాక్టర్లు లాగేవి. రేవు, కాలువ, రైలు, రోడ్డు ఒకే చేతి కిందికి తెచ్చాడు. ఆయన పనికి సరైన క్రియ "పారించు".

తెనాలి: మాస్టారూ, బాగుంది. నా గకారం?

విజయనగరం: పిండడమంటే ఏనుగు లక్ష్మణకవి గుర్తుకొస్తున్నాడు. "తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు." మూలంలో భర్తృహరి "యత్నతః పీడయన్" అన్నాడు. తివిరి అంటే యత్నించి. మరి పీడయన్ ఏమైంది? తెలుగు పద్యంలో పిండడమే లేదు, తీయడం ఒకటే ఉంది.

నెల్లూరు: "తీయవచ్చు"లోనే ఇమిడి ఉంది. గానుగ ఆడకుండా తైలమెక్కడిది?

వరంగల్: లేదు. పీడ్ ధాతువుకు నొక్కడం, బాధించడం రెండూ అర్థాలే. తీయడంలో బాధ లేదు. గెడ్డెస్ మాటకు ఆ రెండో అర్థమే ప్రాణం. తెలుగులో దాన్ని మోసేది "ముక్కుపిండి వసూలు చేయడం" ఒక్కటే.

విజయనగరం: అదే నేననేది! ముక్కు పిండితే గీపెడతాం, కీచుమనం.

కాజీపేట: 1922లో ఆయన కమిటీ చెప్పిన ఖర్చుల కోతకు పడిన పేరు "గెడ్డెస్ గొడ్డలి". తెనాలివారి గకారం అక్కడిదేమో చూడండి.

తెనాలి: కాదండీ. గింజల పక్కనే ఉంది, దీర్ఘంతో.